కారం తగిలితే విషం లేదట

మిరపకాయ కొరికిస్తే ఒంట్లో విషం ఉందో లేదో తేలిపోతుందన్న మాట తాడేపల్లిలో, నా సభలోనే విన్నాను. సభ అంటే పెద్దదేమీ కాదు. అద్దెకు తీసుకున్న హాలు, అరవై కుర్చీలు, వాటిలో సగం ఖాళీ. తాయెత్తులూ పసరు మందులూ పనిచేయవని గంటసేపు మాట్లాడి, చివర్లో ఎప్పటిలాగే "సందేహాలుంటే అడగండి, అడగకపోతే నేనే మిమ్మల్ని సందేహించాల్సి వస్తుంది" అన్నాను. వెనక వరసలోంచి తెల్లచొక్కా ఆయన లేచాడు. యాభై దాటి ఉంటాయి. పేరు కోటేశ్వరరావు. వినుకొండ అవతల మిరప రైతు. కూతురింటికి వచ్చి, పొద్దుపోక సభకు వచ్చాడట.

"మేడం గారూ, నాలుగు రోజుల కింద మా చేలో కోతకొచ్చిన మనిషిని నక్క కరిచిందండి, పట్టపగలు. ముఠా మేస్త్రి ఆమె చేత మిరపకాయ కొరికించింది. కారం తగల్లేదంది. అంటే విషం ఎక్కినట్టేగా? వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయాం. వాళ్ళూ సూదులు మొదలుపెట్టారు. మీ సైన్సూ మా మిరపకాయా ఒకే మాట చెప్పినయ్. ఇప్పుడేమంటారు?"

హాలు నవ్వింది. నా సభలో నన్ను చూసి నవ్వడం నాకు పడదు. పాము కరిచినప్పుడు మిరపకాయో వేపాకో నమిలించి, రుచి తెలిస్తే విషం ఎక్కలేదనుకోవడం నేను విన్నదే. దాన్ని నక్కకు అంటగట్టడం మాత్రం కొత్త. జవాబు నా దగ్గర లేదు. అయితే నాకు వాదన నేర్పిన పెద్దలు ఒక సూత్రం నూరిపోశారు: వేదిక మీద "తెలియదు" అన్న మాట నోట రాకూడదు. వచ్చిందా, సభ ఎదుటివాడిది.

"రేపు మీతో మీ ఊరొస్తాను. ఆ మిరపకాయను చూస్తాను" అన్నాను.

"రండి, మా ఇంట్లోనే భోజనం" అన్నాడాయన వెంటనే. అంత వెంటనే అన్నందుకు నాకు అనుమానం వచ్చింది.

మంగళగిరి దాటాక

పొద్దున్నే బస్సెక్కాం. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి కండక్టరు నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. ఫొటోలో ఉన్నది నేనేనా అని అతనికీ అనుమానమే.

మంగళగిరిలో చీరల మూటతో ఒకాయన ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో రెండు మగ్గాలున్నాయట, నేసినవి నరసరావుపేట కొట్లకు తనే తీసుకెళ్ళి ఇస్తాడట. కోటేశ్వరరావు నోట నక్క మాట వినగానే వెనక్కి తిరిగాడు.

"నక్క కరిచిందా? అదృష్టవంతురాలండీ! దాని తోక తొక్కితేనే కలిసొస్తదంటారు. అదే వచ్చి కరిస్తే ఇంకేం కావాలి?" అని నవ్వి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీశాడు. కుంకుమలో పెట్టిన గోధుమ రంగు ముక్క, చుట్టూ నాలుగు వెంట్రుకలు. నక్క కొమ్ము.

"నక్కకు కొమ్ముండదండీ" అన్నాను.

"అదేగా మరి! ఉండదు కాబట్టే అంత ఖరీదు."

ఇలాంటి జవాబుకు ఎదురు చెప్పడానికి ఇన్నేళ్ళ వాదనానుభవం చాలలేదు. కోటేశ్వరరావు కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారేమోనని కాసేపు చూశాను. లేదు, ఒకరి ఊరు ఒకరికి తెలియదు.

గుంటూరులో తుమ్ములు, పేటలో ఇడ్లీ

గుంటూరులో బస్సు మారాలి. ఇది మిరప సీజను. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే బస్టాండులో జనం వరసగా తుమ్ముతారు. ఊరివాళ్ళు తుమ్మరు, వాళ్ళ ముక్కులకు అలవాటే. ఎవరు పైఊరివాళ్ళో తుమ్ముని బట్టి చెప్పేయొచ్చు. మా తాడేపల్లిలో కృష్ణ గాలికి పెరిగిన ముక్కు నాది, ఆరుసార్లు తుమ్మాను. ప్లాట్‌ఫారం మీద పడుకున్న కుక్క తల ఎత్తి నా వైపు చూసింది. నక్క సంగతి విన్నప్పటి నుంచీ ప్రతి కుక్క చొంగా చూస్తున్నాను. దీనికి చొంగ లేదు. అయినా బెంచీ మారి కూర్చున్నాను.

నరసరావుపేటలో ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు పెట్టారు, పైన కారప్పొడి కుప్పగా పోశారు. "ఇంత ఎందుకు?" అంటే, "కోస్తా నుంచి వచ్చారా?" అని అడిగాడు వడ్డించే ఆయన. ఇక్కడికి గంటన్నర దూరం నుంచి వచ్చాను. ఆయన లెక్కలో నేను వేరే దేశపు మనిషిని.

పేట దాటితే పత్తి చేలు. ఏరడం అయిపోయిన మోళ్ళకు అక్కడక్కడా తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. మధ్యమధ్య మిరప చేలు, వాటి గట్ల మీద పందులకు అడ్డంగా కట్టిన పాత చీరలు. మా వైపు పొలాల్లో దిష్టిబొమ్మ పిట్టల కోసం. ఇక్కడ చీరలు అడవి పందుల కోసం. వినుకొండ దాటాక దూరంగా కొండలు మొదలవుతాయి. వేసవి ముదిరే కొద్దీ కొండల్లో నీళ్ళు ఎండి, జంతువులు వాగుల వెంట చేలల్లోకి దిగుతాయట.

"నక్కలు ఎప్పుడూ ఉన్నయ్యేనండి. మనిషిని చూస్తే ఆమడ దూరం పరిగెత్తే జాతి" అన్నాడు కోటేశ్వరరావు. "ఇది మటుకు ఎదురొచ్చింది. కర్రలతో అదిలించినా పోలా. మావోళ్ళు వాగులో కొట్టి చంపి, పెట్రోలు పోసి తగలబెట్టారు."

అంటే రేబిస్ ఉందో లేదో ల్యాబులో పరీక్ష చేయడానికి తల కూడా మిగల్లేదు. మనిషికి బెదరని నక్క, పగలు తిరిగే నక్క. అనుమానించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఈ ప్రయాణంలో మొదటిసారి నా అనుమానం తగిన చోట ఆగింది.

ఎర్రటి కూర

ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు నాకు అన్నం పెట్టారు, పత్రికలో పరువు తీయడం న్యాయం కాదు.

కోటేశ్వరరావు భార్య వడ్డించిన వంకాయ కూర చూసి నాకు గుండె జారింది. నిప్పుకణికల ఎరుపు. పేటలో కారప్పొడి ఇంకా నాలుక మీదే ఉంది. నెయ్యి అడిగాను, పెరుగు అడిగాను, చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకున్నాను. అప్పుడు గోరంత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

కారం లేదు. ఉప్పూ పులుపూ వంకాయ రుచీ తెలుస్తున్నాయి, కారం మాత్రం నాలుకకు ఆనలేదు.

ఆవిడ నా ముఖం చూసి పకపకా నవ్వింది. "రంగు చూసి భయపడ్డారా? మా చేలో కాయేనండి. బాడిగ రకం. రంగు కోసమే కొంటారంట, కారం ఉండదు. ఈ ఏడే కొత్తగా వేశాం. కారం కావాలంటే రోడ్డవతల చేలో తేజ ఉంది, ఒక్కటి కొరికితే చెవుల్లోంచి పొగొస్తది."

ముద్ద చేతిలోనే ఆగింది. "కోటేశ్వరరావు గారూ, మేస్త్రి ఆవిడ చేత కొరికించిన కాయ ఎక్కడిది?"

"ఎక్కడిదేందండి, ఆ చేలోదే. కరిచిన చోట కాసిన కాయే కొరకాలి. అదీ పద్ధతి."

అన్నం ముందు కూర్చునే గెలిచేశాను. కారంలేని కాయ కొరికించి, కారం తగల్లేదు కాబట్టి విషం ఉందని తేల్చారు! ఆ పూట నేను రెండుసార్లు కూర వేయించుకున్నాను.

సాళ్ళ మధ్య

మర్నాడు పొద్దున చేలోకి వెళ్ళాం. కోతకు వచ్చిన ముఠా కనిగిరి వైపు మెట్ట ఊళ్ళది. పదహారు మంది ఆడవాళ్ళు. వాళ్ళ మేస్త్రి సుబ్బులు. అరవై ఏళ్ళుంటాయి, తలకు తువ్వాలు, నడుముకు సంచి. పరీక్ష పెట్టింది ఈవిడే. పరీక్షకు ఎంత తీసుకుంటుందో కనిపెట్టాలని వచ్చాను కాబట్టి ముందు ఆ మాటే అడిగాను.

"తీసుకోడమేందమ్మా? మిరపకాయ రైతుది, నోరు దానిది. నాదేముంది మధ్యలో?" అంది, చేతులు ఆపకుండా.

వాళ్ళు కోసే పద్ధతి కాసేపు నిలబడి చూశాను. తలా ఒక సాలు పట్టుకుంటారు. ముందు గట్టు చేరినవాళ్ళు కూర్చోరు, కొత్త సాలూ పట్టరు. వెనక్కి తిరిగి, వెనకబడ్డ మనిషి సాల్లోకి ఎదురొచ్చి కోస్తారు. చివరి మనిషి గట్టెక్కాకే అందరూ కలిసి కొత్త సాళ్ళలోకి దిగుతారు.

"దీనివల్ల పని ఆలస్యం కాదా?" అన్నాను.

"అయిద్ది" అంది సుబ్బులు. "నడుమెత్తు చేలో ఒక్కదాన్ని వదిలేస్తే పామో పందో వస్తే ఎవురు చూస్తారు? మా అత్త నాటి కట్టుబాటు."

నక్క కరిచిన మనిషి పేరు మంగమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎడమ ముంజేతి మీద రెండు గుంటలు మానుతున్నాయి. ఆస్పత్రిలో రెండుసార్లు సూదులు పడ్డాయి, మూడోది రేపు. కార్డు జాకెట్లోంచి తీసి చూపించింది. చెమటకు అంచులు మెత్తబడ్డాయి.

"సూది వేసినప్పుడల్లా వంకాయ తినొద్దన్నారా?" అడిగాను.

"ఆళ్ళు అన్లేదు. మేమే మానేశాం."

"నక్క ఎటు నుంచి వచ్చింది?"

"వాగులోంచి. బుట్ట ఎత్తుకుందామని వంగితే చెయ్యి పట్టింది. ఇదిలిస్తే వదిలి, రోడ్డు దాటి అటు పోయింది."

రోడ్డవతల తేజ చేను. ఆ రోజు ముఠా సగం ఇటు, సగం అటు కోస్తున్నారట. పిచ్చెత్తి ఎదురొచ్చే నక్క అటు వెళ్ళి ఊరుకుంటుందా? నమ్మకం కలగలేదు.

"అటు పోయి ఏం చేసింది?"

మంగమ్మ సుబ్బులు వైపు చూసింది. సుబ్బులు కోటేశ్వరరావు వైపు చూసింది. చివరికి మంగమ్మే చెప్పింది.

"మా మరదల్ని పిక్క మీద పీకింది. రవణమ్మని."

నేను కోటేశ్వరరావు మీద విరుచుకుపడ్డాను. "ఈ మాట సభలో ఎందుకు దాచారు?"

"దాచడమేందండీ!" ఆయన నిజంగానే తెల్లబోయాడు. "ఆమెకు కారం తగిలింది. కళ్ళెంబడి నీళ్ళొచ్చినయ్. విషం లేదని తేలిపోయె. ఇంక చెప్పడానికేముంది?"

"ఒకే నక్క! ఒకామెకు విషం, ఇంకొకామెకు లేదా?"

సుబ్బులు నింపాదిగా అంది. "పాము ఒకళ్ళని కాటేసి, వెనువెంటనే రెండో మనిషిని కాటేస్తే విషముంటదా? తిత్తి ఖాళీ అయ్యి ఉంటది. ఇదీ అంతే. ఉన్నదంతా మంగికి పోసింది."

అబద్ధాలకు నేను సిద్ధపడి వచ్చాను. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

రోడ్డవతల

రవణమ్మ తేజ చేలో ఉంది, కుంటుతూ. కుడి పిక్కకు పసుపు అద్ది, పక్క చేలో తెంపిన పత్తి పెట్టి గుడ్డ కట్టారు. విప్పమంటే విప్పింది. మూడు పళ్ళ గుంటలు, ఒకటి లోతుగా. చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. కరిచి ఆరు రోజులైంది. సబ్బూ నీళ్ళూ తగల్లేదు, సూది పడలేదు.

"అంతా నక్కను తొక్కి అదృష్టం తెచ్చుకుంటారు గదమ్మా, నేను తొక్కలా. అదే వచ్చి నన్ను తొక్కింది" అని నవ్వింది. ఇద్దరు పిల్లలట. కనిగిరి దగ్గర తల్లి దగ్గర వదిలి వచ్చింది. కోతలు అయ్యాక వెళ్తుంది.

రేబిస్ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. లక్షణాలు బయటపడకముందు మందుంది. బయటపడ్డాక లేదు. మధ్యలో ఉన్న రోజులు ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఈ మనిషి ఆ రోజుల్లో మిరపకాయలు కోస్తోంది.

"ఇప్పుడే ఆస్పత్రికి పద" అన్నాను.

"ఎందుకు? నాకు కారం తగిలిందిగా."

చెప్పాను, మళ్ళీ చెప్పాను. గొంతు పెంచాను. వేలు చూపించి మాట్లాడాను. రవణమ్మ మర్యాదగా వింటూ రెండు చెట్లు కోసేసింది.

కోటేశ్వరరావు నన్ను గట్టు మీదికి పిలిచాడు. ఆయనకిప్పుడు సంగతి అర్థమైంది, ముఖంలో రక్తం లేదు. "మేడం గారూ, ఓ పని చేద్దామండి. రవణమ్మకి మళ్ళీ పరీక్ష పెట్టిద్దాం. ఈసారి మా చేలో కాయిద్దాం. కారం లేదంటది. తనే భయపడి ఆస్పత్రికి పరిగెత్తుద్ది. మనిషి బతుకుద్ది."

నిజం చెప్పాలంటే ఒక క్షణం మనసు అటే పోయింది. జేబులో రెండు కాయలు వేసుకుంటే సరిపోయేది. కాని తాయెత్తులు కట్టేవాడు చెప్పేదీ ఈ మాటే: మనిషికి మంచి జరుగుతుంటే అబద్ధమైతేనేం?

"అబద్ధం మీద నేను ఎవర్నీ బతికించను" అన్నాను.

చాలా గొప్పగా అన్నాను. 

కల్లంలో

సాయంత్రం ఎండ ఉండగానే కోటేశ్వరరావు కల్లంలో అందర్నీ కూర్చోబెట్టాను. ఆరబోసిన బాడిగ కాయలు ఎకరం మేర ఎర్ర దుప్పటిలా ఉన్నాయి. ఒక తువ్వాల్లో గుప్పెడు తేజ తెప్పించాను. సుబ్బులు ముందు వరసలో బాసింపట్టు వేసుకు కూర్చుంది.

ముందు కోటేశ్వరరావుకు బాడిగ కాయ ఇచ్చాను. కొరికాడు.

"కారం తగిలిందా?"

"లేదండి."

"అయ్యో, మిమ్మల్నెప్పుడు కరిచిందండీ నక్క?"

ముఠా గొల్లుమంది. ఒక్కొక్కరికీ ఇచ్చాను. "నాకూ లేదు", "నాకూ లేదమ్మోయ్, నన్నూ కరిచింది", "ఒసేయ్, నిన్ను కరిస్తే నక్కే చచ్చుద్దే!" అని ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు. తర్వాత తేజ. అది నేనే కొరికి చూపించాలనుకోవడం నా అహంకారం. కొరికాను. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి. మజ్జిగ రెండు గ్లాసులు తాగేదాకా మాట రాలేదు. సభ ఇంకా నవ్వింది. పర్వాలేదు, గెలిచింది నేనే.

"చూశారుగా! కారం చేనుది, విషానిది కాదు. మీ పరీక్ష ఉత్తది. బాడిగ కొరికినవాళ్ళందరికీ విషం ఉందంటుంది, తేజ కొరికినవాళ్ళెవరికీ లేదంటుంది."

నవ్వులు ఆగాయి. అందరూ ఒప్పుకున్నట్టు తల ఊపారు. వాదనల్లో ఇంత పూర్తి గెలుపు నాకు ఎన్నడూ రాలేదు.

అప్పుడు మంగమ్మ జాకెట్లోంచి కార్డు తీసి చేతిలో తిప్పుతూ అంది. "అయితే నాకు విషం లేదన్నమాటేగా? ఊరికే సూదులు పొడిపించుకున్నా. ఇంక రేపు పోయేది లేదు. ఆస్పత్రికి పోతే కూలి పోద్ది."

రవణమ్మ అందుకుంది. "నాకెటూ లేదనేగా ముందే తేలింది! ఇప్పుడిద్దరికీ లేదు."

నాకు ఎక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఒకామెను ఆస్పత్రికి లాగుతున్న తాడు ఒక్కటే. అది అబద్ధపు తాడే. దాన్ని నా చేత్తో నేనే తెంపాను. రెండో ఆమెకు కొత్త తాడు ఇవ్వలేదు.

"లేదు లేదు, అలా కాదు" అన్నాను.

"మరి ఉందా?" అంది మంగమ్మ.

"అది... చూడమ్మా, చొంగలో సూక్ష్మజీవి ఉంటుంది, అది నరాల వెంట..."

"ఉందా లేదా చెప్పమ్మా, ఒక్క మాట."

నాకొచ్చిన నిజమైన జవాబు ఒకటే, నాలుగక్షరాలది. ఆ మాట నోటికి రానివ్వకుండా చేసుకున్న అలవాటు నలభై ఏళ్ళది. నేను నరాల గురించి, మెదడు గురించి, వ్యాక్సిను గురించి చాలాసేపు మాట్లాడాను. అన్నీ సరైన మాటలే. మంగమ్మ కార్డును మడిచింది. ఇంకోసారి మడిచింది. కొందరు లేచి చీరలు దులుపుకున్నారు.

సుబ్బులు మాత్రం కదల్లేదు. నేను కొరికిన తేజ కాయను చేతిలోకి తీసుకుని చూస్తూ ఉంది.

"అమ్మా" అంది నన్ను. "ఇన్నేళ్ళూ అన్ని చేలల్లో కారం కాయలేగా? బాడిగ ఈ ఏడేగా చూడ్డం. అయితే నేను కొరికిచ్చిన వాళ్ళందరికీ కారమే తగిలి ఉంటదిగా? విషం ఉన్నా, లేకపోయినా?"

"అవును."

"మా మరిదిని కుక్క కరిచింది. సన్నకాయ కొరికిచ్చా. అబ్బా కారం వదినా అన్నాడు. ఇంకేంది, పోయి పని చేసుకోరా అన్నా." కాయను పక్కన పెట్టింది. "మూన్నెల్లకి నీళ్ళ చెంబు చూసి జడుసుకున్నాడు. దెయ్యం పట్టిందని చెప్పుకున్నాం. నాలుగు రోజులే ఉన్నాడు."

 

సుబ్బులు లేచి తలగుడ్డ బిగించింది. "మంగీ, కార్డు విప్పు. ఒసేయ్ రవణా, రేపు పొద్దున్నే నువ్వూ నేనూ మంగీ ఆస్పత్రికి. మిగతా ఆడోళ్ళు వినండి. రేపు ఎవరూ సాలు పట్టేది లేదు."

"పదహారు మంది కూలి పోద్ది అత్తా!" అన్నారెవరో.

"పోనీ. ఇద్దరు సాల్లో ఉండంగా గట్టు మీద ఎవరన్నా కొత్త సాలు పట్టారా ఎప్పుడన్నా? వీళ్ళు గట్టెక్కేదాకా సూది పడే రోజు ఎవరికీ పని లేదు. కోటేశ్వరరావు గారూ, నీ కాయ చెట్టున మాగితే మాగుద్ది."

ఆయన రెండు చేతులూ జోడించాడు. రవణమ్మ ఏదో అనబోయి, పదిహేను మంది ముఖాలు చూసి ఊరుకుంది. నా మాటలకు అడ్డం చెప్పగలిగింది, ఆ వరసకు చెప్పలేకపోయింది.

ఆస్పత్రి అరుగు

మర్నాడు కోటేశ్వరరావు ఆటో మాట్లాడాడు. దగ్గరి పట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు రవణమ్మ కట్టు చూసి, పత్తి తీసి పారేసి, పంపు కింద కూర్చోబెట్టి సబ్బుతో కడగమంది. "పావుగంట. గడియారం చూస్తుంటా. కడగడమూ మందే." సుబ్బులు చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే కడిగింది. నేను పంపు తిప్పుతూ కూర్చున్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన పనికొచ్చే పని అదే కావచ్చు.

గాయం లోతుగా ఉందని చుట్టూ సీరం ఎక్కించారు. ఆ మందు ఉంటుందో ఉండదోనని దారంతా అనుమానపడ్డాను. ఉంది. రవణమ్మ బిగ్గరగా నక్క వంశాన్నంతా తిట్టింది. తర్వాత రెండు భుజాలకూ చెరొక సూది. మంగమ్మకు మూడో విడత. ఇద్దరి కార్డుల మీదా తారీఖులు పడ్డాయి.

"ఇంతకీ విషం ఉందా తల్లీ వీళ్ళకి?" అని సుబ్బులు నర్సునే అడిగింది.

"మేం చూడం లేమ్మా. కరిచిందంటే వేస్తాం. ఉందో లేదో తేలేదాకా ఆగితే ఇంక వేయడానికి మనిషి ఉండదు." ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

సుబ్బులు ఆ మాట నోట్లో నమిలి చూసినట్టు కాసేపు పెదవులు కదిపింది. నా వైపు చూసింది. 

బయట బండి దగ్గర పచ్చిమిరప బజ్జీలు తిన్నాం. పదిహేను రూపాయలకు మూడు. మంగమ్మ పథ్యం మాట మర్చిపోయి నాలుగు తింది. "కారముందా వదినా?" అంది రవణమ్మ. "ఉంటేనేం లేకపోతేనేం, సూది తప్పిందా?" అంది మంగమ్మ.

తిరిగి వచ్చాక

తాడేపల్లి చేరాక కార్డుల మీది తారీఖులు నా క్యాలెండరులో రాసుకున్నాను. ఆ రోజుల్లో సాయంత్రాలు సుబ్బులుకు ఫోన్ చేసేదాన్ని. "అయిందమ్మా" అనేది. నమ్మేదాన్ని కాదు. కార్డు ఫొటో పంపమనేదాన్ని. కోటేశ్వరరావు ఫోన్లోంచి పంపించేది. ఫొటో పెద్దది చేసి సంతకం చూసుకునేదాన్ని. రవణమ్మ చివరి సూది నాటికి కోతలు అయిపోయి ముఠా కనిగిరి వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చేయకముందే ఫోన్ వచ్చింది.

"అమ్మా, రవణకి నాలుగోది కూడా పడింది. పదహారు మందిమీ ఆస్పత్రి కాడే ఉన్నాం. పిల్లలు కూడా వచ్చారు." వెనక ఎవరో కేకలు, నవ్వులు. "ఇప్పుడు చెప్పు. ఆ నక్కకి పిచ్చి ఉన్నట్టా, లేనట్టా?"

నక్క బూడిదైంది. పరీక్ష జరగలేదు. జరగదు. అవతల ఎదుటివాది లేడు, సభ లేదు, నవ్వేవాళ్ళు లేరు. అయినా ఆ మాట గొంతు దాటి రావడానికి కొంత సమయం పట్టింది.

"నాకు తెలియదు సుబ్బులూ."



"ఎంత చదివావమ్మా నువ్వు" అంది. "ఈ మాటేదో ఆ రోజు కల్లంలోనే అనుంటే, ఇద్దరూ నీ వెనకే వచ్చేవాళ్ళుగా."